అనుకరణమా? అపహరణమా?

ఉన్నత పాఠశాల సంచికయందు వీడియో ఆటలను గూర్చిన వ్యాసమేమని తల్లిదండ్రులు కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. ఆటలు చదువునకు శత్రువులని నమ్మువారితో నేనిప్పుడు వాదమునకు దిగను. నేను చెప్పబూనినది ఆటలను గూర్చియే యైనను, అందు తీర్పు చెప్పుటను గూర్చిన సంగతి యొకటి యిమిడియున్నది. ఆ తీర్పులలో నొకటి నేను చెప్పినదే. అది తప్పు తీర్పు. కావున ఈ వ్యాసమును కొంతవరకు నా తప్పిదము నొప్పుకొనుటగా చదువరులు భావింపవచ్చును.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి ప్రదర్శనమునకు నన్ను పరీక్షకులలో నొకనిగా పిలిచిరి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు స్క్రాచ్ అను సాధనముతో తాను కూర్చిన యాటను తెచ్చెను. తెరపై వరిచేల గట్లు అడ్డదిడ్డముగా సాగుచుండును. ఆ గట్లవెంట ఒక గేదె గడ్డి మేయుచు తిరుగును. ముగ్గురు కాపరులు కర్రలు పట్టుకొని దానిని తరుముచుందురు. ఇంతవరకు చెప్పినచో ప్రపంచమంతయు నెరిగిన ప్యాక్-మ్యాన్ ఆటయే. అయితే మేసినకొలది గేదె కడుపు నిండి నడక మందగించును; నడుమనున్న చెరువులో దిగి కొంతసేపు నెమరు వేసినగాని దానికి తిరిగి వేగము రాదు. ఈ సంగతిని బాలుడు చెప్పబోవుచుండగనే మా సహపరీక్షకులొకరు, ఇది ప్యాక్-మ్యాన్‌కు నకలు, ఇందు స్వంతమేమియు లేదు, అని తేల్చివేసిరి. మేము చూచినది ఒక్క నిమిషము. నేను తలయూపి కాగితముపై సంతకము చేసితిని. స్వంత కల్పన అను గడిలో సున్న పడెను. బాలుడు మారుమాటాడక తన సామాను సర్దుకొని పోయెను.

ఆ సున్న నా మనస్సును విడువలేదు. ఒరవడి పెట్టి దిద్దించుటయే వృత్తిగా గల నేను, ఒరవడిని దిద్దినందులకు ఒక పిల్లవానికి సున్న వేసితినే యని తోచెను. ఆ బాధతోనే ఈ చిక్కుదారుల తరుముడాటల చరిత్రను శ్రద్ధగా చదువ నారంభించితిని. అట్లు తెలిసికొన్న దానిలో కొంత యిక్కడ చెప్పెదను.

మొదట మూలమును గూర్చి చెప్పవలెను. ప్యాక్-మ్యాన్ జపానులోని నామ్కో సంస్థవారి యాట. దీనిని రూపొందించిన బృందమునకు నాయకుడు తోరు ఇవతాని. 1980 మే 22న టోక్యో నగరములోని షిబుయా పేటలో దీనిని తొలుత జనులకు పరీక్షార్థముగా చూపిరి. జపానులో దీని పేరు పక్-మ్యాన్. నోరు తెరచి మూయుచు తినునప్పుడు వినబడు చప్పుడును జపానువారు పకుపకు అందురు. ఆ శబ్దమునుండి పుట్టినదీ పేరు. అదే సంవత్సరమున మిడ్వే సంస్థ దీనిని అమెరికాలో దింపునప్పుడు, అల్లరి మూకలు మొదటి అక్షరమును గీకి దానిని అసభ్యపదముగా మార్చుదురేమోయని భయపడి పేరును ప్యాక్-మ్యాన్ అని దిద్దిరి. పిల్లల అల్లరిని ముందుగా నూహించుటలో వ్యాపారులును ఉపాధ్యాయులకు తీసిపోరు.

తెరపై నొక చిక్కుదారుల వ్యూహము, అందు 240 చిన్న చుక్కలు, నాలుగు పెద్ద చుక్కలు. నోరే శరీరముగా గల పసుపుపచ్చని గుండ్రని ప్రాణి యొకటి ఆ చుక్కలన్నిటిని తినవలెను. నాలుగు దయ్యములు దానిని తరుమును. పెద్ద చుక్కను తినినప్పుడు కొంతసేపు పాత్రలు తారుమారగును. దయ్యములు నీలివర్ణము దాల్చి పారిపోవును, తరుమబడినదే తరుమును. ఈ యాటలోని గొప్పతనమంతయు ఆ దయ్యముల నడవడిలో నున్నది. ఎఱ్ఱ దయ్యము మనమున్న చోటికే సూటిగా వచ్చును. గులాబి దయ్యము మనము పోవు దిక్కున నాలుగు గడుల ముందున్న చోటికి గురిపెట్టి మాటువేయును. నీలి దయ్యము మన స్థానముతోబాటు ఎఱ్ఱదాని స్థానమునుగూడ లెక్కించుకొనును. నారింజ దయ్యము దూరమున నున్నంతసేపు మీదికి వచ్చి, దగ్గరకు రాగానే తన మూలకు మరలిపోవును. నాలుగింటి బుద్ధులు నాలుగు విధములగుటచేత అవి కూడబలుకుకొని ముట్టడించుచున్నట్లు ఆడువానికి తోచును. వాస్తవమునకు ఒక్కొక్కటి తన చిన్న సూత్రమును తాను పాటించుచుండును, అంతే.

ఇంతటి యాటయు శూన్యమునుండి పుట్టలేదు. చిక్కుదారులలో ఒకరినొకరు తరుముకొను గాచా అను యాటను అటారీ సంస్థ 1973లోనే తెచ్చియుండెను. 1979లో సెగా-గ్రెమ్లిన్ సంస్థలనుండి వెలువడిన హెడ్ ఆన్ అను యాటలో కారొకటి దారులలో చుక్కలను ఏరుకొనుచు, ఎదురుగా వచ్చు కారును తప్పించుకొనుచుండెడిది. చుక్కలు, దారులు, తరుముట, ఈ మూడును అప్పటికే యున్నవన్నమాట. మన పల్లెలలో మండపముల రాతినేలలపై పులిజూదపు గీతలు చెక్కియుండుటను మీలో పలువురు చూచియుందురు. మూడు పులులు, పదునైదు మేకలు. ఆ గీతలను ఎవరు మొదట గీసిరో, వారి యనుమతి లేక రెండవవారు ఎట్లు గీసిరో యని ఎవరును అడుగలేదు. అయితే ఆ పోలికను నేను మిక్కిలి దూరము లాగదలచుకొనలేదు. పులిజూదమును గీయుటకు ఎవరును పెట్టుబడి పెట్టియుండలేదు. దానివలన ఎవరి జీతమును రావలసియుండలేదు. ప్యాక్-మ్యాన్ సంగతి వేరు.

పట్టణములలోని ఆటశాలలందు ఈ పెద్ద యంత్రము పొందిన ఆదరణను చూచి, దీనిని ఇండ్లలోని టెలివిజనుకు తగిలించు చిన్న యంత్రములపైకి తేవలెనని అందరికిని ఆశ పుట్టెను. ఆ హక్కును కొనుక్కొన్నది అటారీ. తక్కిన యంత్రములవారికి దొరకలేదు. పేరు వాడరాదు, బొమ్మ వాడరాదు. కాని తమ యంత్రమును కొన్న పిల్లలు మాత్రము అట్టి యాటయే కావలెనని అడుగుచుండిరి. 1981 మొదలు మూడు నాలుగేండ్లపాటు వెలువడిన పెక్కు అనుకరణముల పుట్టుక ఇదియే.

వానిలో మిక్కిలి చెప్పదగినది కె. సి. మంచ్‌కిన్. అమెరికాలో మాగ్నవాక్స్ ఒడిస్సీ 2 అనియు, ఐరోపాలో ఫిలిప్స్ వీడియోప్యాక్ అనియు పిలువబడిన యంత్రమొకటి 1978లో వెలువడెను. దానికి ఇంటెల్ 8048 అను చిన్న ప్రాసెసరు ఆధారము. చదునైన మీటలపలక యుండుటచేత చూచుటకు గంభీరముగానే యుండును గాని బొమ్మలు గీయుటలో దాని శక్తి స్వల్పము. ఆ యంత్రమునకు వచ్చిన ఆటలలో పెక్కింటిని వ్రాసినవాడు పూర్వము ఇంటెల్‌లో పనిచేసిన ఎడ్ అవెరెట్. కె. సి. మంచ్‌కిన్‌ను వ్రాసినదియు ఆయనయే. వెలువడినది 1981లో.

ఆ యంత్రములోని చిత్రచిప్పు స్వేచ్ఛగా కదలు బొమ్మలను నాలుగింటిని, అవిగాక గుర్తులను పండ్రెండింటిని, గళ్ల గీతలను కొన్నిటిని మాత్రమే చూపగలదు. ఇప్పుడు ఆటను చూడుడు. తినువాడు ఒకడు, తరుమువారు ముగ్గురు, వెరసి నాలుగు. చుక్కలు పండ్రెండు. గోడలు గళ్ల గీతలు. ఈ లెక్క యాదృచ్ఛికమని నేననుకొనను. 240 చుక్కలు గీయుటకు దారి లేనివాడు పండ్రెండు చుక్కలతో ఆటను రక్తికట్టించుట యెట్లని ఆలోచించి, ఆ చుక్కలనే కదలజేసెను! ప్యాక్-మ్యాన్‌లో చుక్కలు ముగ్గు చుక్కలవలె పెట్టినచోటనే యుండును. ఇక్కడ అవి దారులలో తిరుగుచుండును. తినినకొలది మిగిలినవి వేగము పుంజుకొనును. చిట్టచివరి చుక్క మన వేగముతోనే పోవును గనుక వెనుకనుండి తరిమినచో ఎన్నటికిని చిక్కదు, ఎదురేగి పట్టవలెను. అదిగాక ఆడువాడు మీటలపలకతో తన చిక్కుదారులను తానే గీసికొనవచ్చును. గోడలు కనబడకుండ చేసికొని జ్ఞాపకశక్తిచేతనే ఆడవచ్చును. ఇంటనున్న పిల్లవానికి తన వ్యూహమును తానే రచించుకొను స్వేచ్ఛ ఆటశాలలోని పెద్ద యంత్రమీయలేదు. ఈ పేదయంత్రమిచ్చెను. బ్రెజిలు దేశమున ఇదే యాటను కోమి-కోమి యను పేర అమ్మిరి. వారి భాషలో దానికి తినును-తినును అని యర్థము. పిల్లలకు ఇంతకంటె తగిన పేరుండదు.

అటారీవారు వ్యాజ్యము వేసిరి. క్రింది న్యాయస్థానము ఆటను ఆపుటకు మొదట నిరాకరించెను. వారు పై న్యాయస్థానమునకు పోయిరి. 1982 మార్చి 2న షికాగోలోని ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానము అటారీకి అనుకూలముగా చెప్పెను. కె. సి. మంచ్‌కిన్ అమెరికా అంగళ్లనుండి తొలగిపోయెను. ఈ తీర్పును నేను ఒకటికి రెండుమారులు చదివితిని. న్యాయశాస్త్రము చదివినవాడను గాను, ఐనను అందలి తర్కము స్పష్టముగానే యున్నది. చిక్కుదారులు, చుక్కలు, గుణములను చూపు పట్టిక, తరుముట, ఇవి యన్నియు ఆటయొక్క భావములోనివి, వానిపై ఎవరికిని గుత్తహక్కు లేదు. ఆ భావమునకు ఒకడు తొడిగిన రూపముపై మాత్రము హక్కు కలదు. గుటకలు వేయుచు పోవు గుండ్రని నోటిప్రాణి, కన్నులు పెద్దవి చేసికొని కాళ్లాడించుకొనుచు వచ్చు దయ్యములు, వాని రంగు మారుట, అవి మరల బ్రతికి వచ్చుట, ఇవి రూపము. ఆ రూపమును మంచ్‌కిన్ మిక్కిలి దగ్గరగా పోలియున్నదని న్యాయస్థానము కనుగొనెను. అంగడివారు దానిని ప్యాక్-మ్యాన్ వంటి యాటయని ప్రకటించి యమ్ముటయు ఆ వాదమునకు బలము చేకూర్చెను.

నా అభిప్రాయమడిగినచో, చట్టము దృష్టితో ఆ తీర్పు సరియైనదే కావచ్చును; ఆటను ఆడి చూచు దృష్టితో అందు కొంత లోటున్నది. మంచ్‌కిన్‌కు కొమ్ములున్నవి, కదలక నిలిచినప్పుడు అది మనవైపు తిరిగి నవ్వును. ఆ ముఖమును చూచి పోలికను కనిపెట్టుట సులభము. కదలు చుక్కలను వెంబడించునప్పుడు మనస్సు పనిచేయు తీరు వేరని తెలియుటకు చేతులతో ఆడవలెను. ఆ తేడాలను న్యాయమూర్తులు గమనింపకపోలేదు. గమనించియు అవి పోలికను చెరిపివేయజాలవనిరి. అవెరెట్ మరుసటి యాట కె. సి. యొక్క క్రేజీ ఛేజ్ అదే 1982లో వచ్చెను. ఇందు చుక్కలే లేవు. మంచ్‌కిన్ ఒక గొంగళిపురుగు వెంటబడి దాని శరీరపు ముక్కలను తోకవైపునుండి తినివేయును. గొంగళిపురుగు అటారీవారి సెంటిపీడ్ అను ప్రసిద్ధమైన యాటలోని పురుగును తలపించుచున్నదని చూచినవారికి తోచును. న్యాయస్థానమున ఓడినవాడు తన బదులును ఆటలోనే చెప్పుకొనెనేమో!

ఇక హక్కును చట్టప్రకారము కొన్న అటారీవారు ఏమి చేసిరి? వారి 2600 యంత్రము 1977 నాటిది. తెరపై రెండు పెద్ద బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి, ఇంతమాత్రము చూపుటకే దానిని నిర్మించిరి. జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ పంక్తిలో ఇంతవరకున్న అక్షరములను దాచుకొనుటకే అది చాలీ చాలకయుండును. దానిపై ప్యాక్-మ్యాన్‌ను, నాలుగు దయ్యములను చూపవలెను. ఆ పని టాడ్ ఫ్రై అను యువకుని నెత్తిన పడెను. ఉన్న స్థలము 4 కిలోబైట్లు. ఆయన దయ్యములను వంతులవారీగా గీసెను. సెకనుకు 60 మారులు తెర మారుచుండగా ఒక్కొక్క దయ్యము నాలుగింట నొకమారు మాత్రము కనబడును. అందుచేత అవి గాలిలోని దీపమువలె మిణుకుమిణుకుమనుచుండెను. గుండ్రని చుక్కలకు బదులు గీతముక్కలు వచ్చెను. పండ్లకు బదులు చతురస్రమొకటి వచ్చెను. ప్రక్కలనుండవలసిన సొరంగపుదారి మీదికి క్రిందికి మారెను. 1982లో వెలువడిన ఈ క్యాసెట్టు (అట్టి ప్లాస్టిక్కు పెట్టెను మన పిల్లలు క్యాసెట్టనియే పిలిచిరి) 70 లక్షలకు పైగా అమ్ముడుపోయెను. అంతమందిలో పెక్కురు ఇంటికి తెచ్చుకొని ఆశాభంగము పొందిరి.

ఫ్రైని నిందించుట న్యాయము కాదు. ఆ యంత్రపు బీదరికములో ఆయన చేసినది మామూలు పని కాదు. నాకు తోచిన చిక్కు మరియొకటి. ఆయన మూలమునకు కట్టుబడవలసి వచ్చెను. నాలుగు దయ్యములును ఉండితీరవలెను. మంచ్‌కిన్‌ను వ్రాసినవానికి ఆ నిర్బంధము లేదు. తన యంత్రమునకు ఏది చేతనగునో దానినిబట్టి ఆటను మలచుకొనెను. పేరు కొన్నవాడు పేరునకు బందీయగుటయు, పేరు లేనివాడు ఆలోచింపవలసి వచ్చుటయు ఇక్కడ కనబడుచున్నవి. ఆ మరుసటి యేట 2600కే వచ్చిన మిస్ ప్యాక్-మ్యాన్ రెట్టింపు స్థలములో, అనగా 8 కిలోబైట్లలో, ఎంతయో మేలుగా వచ్చెను. తరువాతి కాలమున అభిరుచిగల వారొకరు పాత కొలత ప్రకారము 4 కిలోబైట్లలోనే మూలమునకు దగ్గరగా నొక ప్యాక్-మ్యాన్‌ను వ్రాసి చూపిరి గనుక, అది అసాధ్యము కాదనియు, అనుభవము చాలవలసియుండెననియు తేలినది.

మిస్ ప్యాక్-మ్యాన్ కథ నా వాదమునకు మిక్కిలి కావలసినది. ఆమె నామ్కో వారి బిడ్డ కాదు. మసాచుసెట్స్‌లోని సాంకేతిక విద్యాసంస్థను విడిచివచ్చిన యువకులు కొందరు జనరల్ కంప్యూటర్ అను చిన్న సంస్థను పెట్టుకొని, ఇతరుల ఆటయంత్రములకు తగిలించు అదనపు పలకలను చేసి యమ్ముచుండిరి. మిస్సైల్ కమాండ్ అను యాటకు అట్టి పలకను చేసినందుకు 1981లో అటారీ వారిపై వ్యాజ్యము వేసెను. వ్యాజ్యము రాజీతో ముగిసి, ఆ యువకులనే అటారీ తన పనికి పెట్టుకొనెను. వారే అంతకుముందు ప్యాక్-మ్యాన్‌కు క్రేజీ ఆటో అను మార్పును తయారుచేసియుండిరి. అందలి ప్రాణికి కాళ్లుండెను. దానిని మిడ్వేవారికి చూపగా వారు కొని, కాళ్లు తీసి, రిబ్బను ముడి పెట్టి 1982లో మిస్ ప్యాక్-మ్యాన్‌గా విడుదల చేసిరి. మూలములో ఒకే వ్యూహముండగా ఇందు నాలుగుండెను. మూలములో పండ్లు నిలిచియుండగా ఇందు అవి ఎగురుచు తిరుగును. మూలముకంటె ఇదియే మేలని నేటికిని చెప్పువారు కలరు. వారు ఆనాడు ఎవరైనను ఒక్క నిమిషము చూచి నకలని పంపివేసినచో ఏమగును? 2600 యంత్రమునకు మిస్ ప్యాక్-మ్యాన్‌ను చక్కగా కూర్చి యిచ్చినవారును వీరే యనుట గమనింపుడు.

తక్కిన యనుకరణములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఏలయన అన్నియు చెప్పదగినవి కావు. 1982లో వచ్చిన ఎమర్సన్ ఆర్కేడియా 2001 అను యంత్రము పెక్కు దేశములలో పెక్కు పేర్లతో అమ్ముడై త్వరలోనే మరుగుపడెను. దానిపై క్యాట్ ట్రాక్స్ అను యాటలో పిల్లి తిరుగుచుండును, కుక్కలు తరుమును. ఒక సీసాలోని పానీయమును త్రాగగానే పిల్లి, కుక్కలను పట్టుకొను మునిసిపాలిటీ బండిగా మారిపోవును! ఈ మార్పునకు నాకు నవ్వు వచ్చెను. నవ్వు పుట్టించుటయు కల్పనయే. జపానులో ఎపాక్ సంస్థవారు 1981లో 13,500 యెన్లకు అమ్మిన క్యాసెట్ విజన్ యంత్రములో ఒక వింత కలదు. ప్రాసెసరు యంత్రములో నుండదు, ప్రతి క్యాసెట్టులోను ఒకటి యుండును. దానిపై పకుపకు మాన్‌స్టర్ అను యాట వచ్చెను. పేరు మూలమునుండి దాపరికము లేకుండ తీసినది, బొమ్మలు మోటువి. హాంకాంగులోని వీటెక్ సంస్థవారి క్రియేటివిజన్ యంత్రముపై క్రేజీ పకర్ అనునది యుండెను. దానిని గూర్చి చెప్పుటకు పేరు తప్ప వేరొకటి నాకు తోచుట లేదు. 1983లో సెగా వారి ఎస్‌జి-1000 యంత్రముపై పకార్ వచ్చెను, నోటికి బదులు కారు. హెడ్ ఆన్ ప్యాక్-మ్యాన్‌కు దారి చూపినదిగదా, ఇప్పుడు ప్యాక్-మ్యాన్ కారుగా మారి సెగా యింటికే తిరిగి వచ్చినట్లయ్యెను. కొలెకో విజన్ కొన్నవారికి 1982లో లేడీ బగ్ దొరకెను. అందు గోడలలో తిరుగు తలుపులుండును. ఆరుద్ర పురుగువంటి చిన్ని ప్రాణి వానిని త్రోయుచు వెనుకవచ్చువారికి దారి మూసివేయవచ్చును. తలుపులతో తరుమువారి దారినే మార్చుట ప్యాక్-మ్యాన్‌లో లేని యుపాయము.

ఇక వెక్ట్రెక్స్. ఇది తక్కిన యంత్రములవలె టెలివిజనుకు తగిలించునది కాదు. తన తెరను తానే కలిగియుండును. 1982లో వచ్చెను. చుక్కలతో నింపక, సన్నని కాంతిరేఖలతో గీతలు గీయును. రంగులు లేవు గనుక తెరపై రంగుల ప్లాస్టిక్కు పలకను పెట్టుకొందురు. దీనిపై క్లీన్ స్వీప్ అను చిక్కుదారుల యాట కలదు. బ్యాంకులో దొంగలు పడిరి. డబ్బు దారులలో చెదరియున్నది. దుమ్మును పీల్చు యంత్రమొకటి దానిని పీల్చుకొనుచు పోవలెను. అయితే పీల్చినకొలది సంచి నిండి యంత్రపు నడక మందగించును. నడుమనున్న ఖజానా గదికి వచ్చి సంచి ఖాళీ చేసినగాని తిరిగి వేగము రాదు.

ఇది చదువుచుండగా పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుంటిని. కడుపు నిండి నడక మందగించు గేదె, నెమరు వేయుటకు నడుమనున్న చెరువు! మా బాలుడు వెక్ట్రెక్స్ పేరైనను వినియుండడు. అతడు దానిని చూచినది గేదెలో. అమెరికాలోని ఒక పనితనము గలవాడు 1982లో కనిపెట్టి మెప్పు పొందిన యుపాయమునే, ఒక పల్లెటూరి పిల్లవాడు పశువుల వెంట తిరిగి స్వయముగా కనిపెట్టెను. నేను దానికి సున్న వేసితిని.

ఇందువలన అనుకరణమంతయు మంచిదేయని నేను చెప్పుచున్నానని యెవరును తలపకుందురు గాక. 1990లలో మన పట్టణములందు టీవీ గేములను గంటకింతయని యాడించు చిన్న దుకాణములుండెను. సెలవులలో నేనును చిల్లర కూడబెట్టుకొని పోయినవాడనే. అక్కడి యంత్రములు నింటెండో వారి ఫ్యామికామ్‌కు అచ్చుగ్రుద్దిన నకళ్లు. పసుపుపచ్చని క్యాసెట్టుపై 9999 ఆటలని వ్రాసియుండును. లోపల నిజముగా నుండునవి కొద్ది మాత్రమే, అవే మరల మరల వచ్చుచుండును. అందలి ప్యాక్-మ్యాన్ కూడ నామ్కో వారు 1984లో ఫ్యామికామ్‌కు చేసినదానికి నకలు. ఎవడో కష్టించి చేసినదానిని తీసికొని, ఏమియు చేర్చక, చేసినవాని పేరు చెరిపి, సంఖ్యను గూర్చి అబద్ధమాడి అమ్మిరి. అది దొంగతనము. ఆనాడు మాకు ఆ సంగతి తెలియదు; తెలిసినను మానియుందుమా యని నేను ప్రమాణము చేయజాలను. మంచ్‌కిన్‌ను దీనిని ఒకే గాటకట్టుట మాత్రము నాకిష్టము లేదు. ఆ పసుపు క్యాసెట్టును చేసినవానికి రాత్రి నిద్రపట్టని సమస్య యేదియు ఎదురై యుండదు. పండ్రెండు గుర్తులతో ఆటను నిలబెట్టవలసినవానికి తప్పక ఎదురై యుండును.

ఇప్పుడు ప్రదర్శనపు కాగితమునకు వత్తును. షికాగో న్యాయస్థానము మిక్కిలి కఠినముగా తీర్పు చెప్పినదనియే అనుకొందము. ఆ న్యాయస్థానమైనను చిక్కుదారులును చుక్కలును తరుముటయు అందరి సొత్తనెను, రూపమునుమాత్రము దొంగిలింపరాదనెను. ఆ కొలతతో చూచినను మా బాలుని గేదె నిర్దోషి. గేదెకు ప్యాక్-మ్యాన్ పోలిక యేమున్నది? కర్ర పట్టిన కాపరులకు దయ్యముల పోలిక యేమున్నది? అటారీ న్యాయవాదులైనను ఆ యాటపై వ్యాజ్యము వేయజాలరు. వారు వేయజాలని శిక్షను మేము ఒక్క నిమిషములో వేసితిమి. పైగా ఆ ప్రదర్శనమందే దిగుమతి చేసికొన్న పెట్టెలోని ముక్కలను పెట్టెపై బొమ్మలో నున్నట్లే బిగించి తెచ్చిన యంత్రమొకదానికి బహుమానమిచ్చితిమి. అందు స్వంతమేమున్నదని యెవరును అడుగలేదు, మెరయుచుండుట చాలెను.

అందుచేత ఇట్టి ప్రదర్శనములను నడుపువారికి నేను రెండు మాటలు వ్రాసి పంపితిని. ఆటను తెచ్చిన పిల్లవాడున్నచో పరీక్షకుడు కనీసము ఒకమారు ఓడిపోవువరకు ఆ యాటను ఆడవలెను. తరువాత, ఎక్కడనుండి యేమి తీసికొంటివి, దానికి నీవేమి చేర్చితివి, ఏల చేర్చితివి, అని పిల్లవానినే అడిగి, అతని జవాబును కాగితముపై వ్రాయవలెను. తీసికొన్నదానిని దాచినవానికి తక్కువ గుణములు వేయుడు, ఒప్పుకొన్నవానికి వేయకుడు. వారినుండి ఇంకను ప్రత్యుత్తరము రాలేదు.

యంత్రమెంత పాతదైనను ఈ యాటను దానిపై నిలుపవలెనను కోరిక మాత్రము చల్లారలేదు. 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ అను యంత్రము, ప్యాక్-మ్యాన్ పుట్టుటకు నాలుగేండ్ల ముందటిది. దాని ప్రాసెసరులోని జ్ఞాపకశక్తి 64 బైట్లు. 2009లో అభిమానులు కొందరు దానిపైనను ప్యాక్-మ్యాన్‌ను ఆడించిరి. కొనువారు లేరు, బహుమానము లేదు.

ఆ బాలుని నేను మొన్న వెదకి కనుగొంటిని. ఆట యున్నదా చెరిపివేసితివా యని భయముతోనే అడిగితిని. చెరుపలేదు సార్, వానకాలము చేర్చినాను, అనెను. ఇప్పుడు మూడవ అంకమున వాన కురిసి గట్లు కొన్ని తెగిపోవును, దారులు మారును, చెరువు పొంగి గేదె ఈదవచ్చును గాని కాపరులు ఈదలేరు. ఈ వానను ఎక్కడ చూచితివని అడిగితిని. ఎక్కడనో చూచుట ఏమి సార్, మా చేనే, అనెను. నేను మూడుమారులు ఆడి మూడుమారులును చెరువు చేరకమునుపే కాపరులకు చిక్కితిని.